ఎవుడ్రా నవ్వింది

ముత్తుకూరు,
జూలై 14, సోమవారం

అక్కా,

నాకు కొట్టడం మరిగిందా? నిన్న అందరి ముందర అన్నావే ఆ మాట, బిర్యానీ గరిటె చేతిలో పట్టుకోని, పాస్టరు గారు వింటా ఉండంగా. కావలి నుంచి నెల్లూరు దాకా బస్సులో దానికి జవాబు చెప్పుకుంటానే వచ్చినా. పక్కన కూర్చున్నాయన లేచి వేరే సీటుకి పొయినాడు. ఇప్పుడు రాస్తన్నా చదువు. మరగలేదు. మరగాలంటే దాంట్లో రుచి తెలియాల. నాకు దేంట్లోనూ రుచి తెలియడం లేదు, నీ బిర్యానీతో సహా.

బావ ఎనకమాల నుంచి వచ్చినాడు. "ఏందిరా బెన్హరూ, వచ్చింది మేనకోడలి పుట్టినరోజుకా, దినానికా" అని నవ్వతా మెడ చుట్టూ చెయ్యేసినాడు. నవ్వు వినపడింది, చెయ్యి తగిలింది. ఆ తర్వాత నేను చూసేటప్పటికి బావ మూతి టేబులంచు మీద ఉండాది. నా చెయ్యి ఆయన జుట్టులో ఉండాది. కేకు మీద నెత్తురు. మధ్యలో ఏం జరిగిందో ప్రమాణంగా నాకు తెలీదు. నలుగురు లాగితే గానీ నా వేళ్ళు ఊడలేదంట. పాప ఏడుపు మాత్రం ఇంకా చెవిలో ఉండాది.

నలుగుర్లో కూర్చోరా, మనసు తేలికపడద్ది అంటావు. కూర్చుంటే ఏమవుద్దో చెప్తా. వాళ్ళు నవ్వతా ఉంటారు, నేను వాళ్ళ చేతులు చూస్తా ఉంటా. ఎవురి చేతిలో ఏముండాది, వాకిలి ఎంత దూరం, బయట ఆగిన బండి ఎవురిది. వాళ్ళు ఒక మాటకి నవ్వేసి రెండోదానికి పోతారు. నేనింకా కత్తితో కేకు కోసే పిల్ల చెయ్యి దగ్గరే ఉంటా. ఇదీ నీ కూడికలో నేను కూర్చునేది.

పైగా పాస్టరు గారు, "బెన్హర్ లేచి సాక్ష్యం చెప్పాల, ఆ రోజు దేవుడు అతన్ని ఎట్ట తప్పించినాడో" అన్నాడు. నేను లేవలా. దేవుడు తప్పించినాడని నేను చెప్పను. ఇప్పుడు కాదు, ఎప్పటికీ చెప్పను. ఆయనకి ఆ సంగతి నువ్వే చెప్పు.

ఫోను కొనిస్తా అనబాక. పోలీసులు తీసుకున్న పాతది స్టేషన్లోనే ఉండనీ. ముఖేష్‌ని కొట్టి చంపేది ఎవుడో మేడ మీంచి వీడియో తీసినాడు గదా, దానికి పాట గూడా కలిపి తిప్పతన్నారు. ఫోనుంటే అది మళ్ళా వస్తాది. ఈ కాయితం ఎలిశబెతత్త ఎండుచేపల బుట్టలో వస్తాది. వాసనొస్తే ముక్కు మూసుకోని చదువు.

నన్ను ఇంక పిలవబాక. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

బెన్హర్


కావలి,
జూలై 18

ఒరే బెన్హర్,

మీ బావ పై పెదవికి నాలుగు కుట్లు పడ్డాయి. ముందు పన్ను ఊగుతోంది. మా హాస్పిటల్లోనే వేయించాను. ఎట్లా తగిలిందని డాక్టరు గారు అడిగితే మెట్ల మీద పడ్డారని చెప్పా. పదేళ్ళుగా మా వార్డులో నర్సుగా ఆడవాళ్ళ నోట నేను వినే అబద్ధం అది. మొన్న నా నోటితో నేనే చెప్పా. కాబట్టి "మరిగింది" అన్న మాట నేను వెనక్కి తీసుకోను.

నువ్వు ఎట్లా ఉండేవాడివో నీకు గుర్తుందా? చర్చిలో కంజీర వాయిస్తూ పాస్టరు గారి దగ్గుని తాళంలో కలిపేసేవాడివి. నువ్వు నవ్వితే వీధి చివర తెలిసేది. "వీడి నవ్వుకి పాలిచ్చే బర్రె కూడా ఎగచేపుతోంది" అని నాన్న చెప్పు తీసుకుని వెంటపడేవాడు. ఇప్పుడు మా ఇంటికొస్తే గుమ్మానికి ఎదురుగా కూర్చుంటావు. పళ్ళెం మోకాళ్ళ మీద పెట్టుకుంటావు. బస్సెన్నింటికని అడుగుతావు. ఏంజెలిన్ నీకు చేతులు చాపితే రోడ్డు మీద పడున్న సంచిని చూసినట్టు చూశావు. నా బిడ్డరా అది. ఏడాది పిల్ల. నువ్వు ఎత్తుకోకపోతే తన చేతులు తనే చూసుకుంది. మీ బావ పన్ను కంటే నాకు అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

ముఖేష్ పోయి అయిదు నెలలు. నీతో ఆరేళ్ళు లారీలకి పట్టలు కట్టిన పిల్లాడు, మన ఇంట్లో తిని పెరిగిన పిల్లాడు. నాకూ బాధే. అందుకే ఈ మాట. కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. నవంబరు పన్నెండున నెల్లూరు కోర్టులో నీ వాయిదా. హోటల్ ముత్యాలయ్య తను వంటగదిలో ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పేశాడట. వీడియోలో వీపులే గానీ మొహాలు లేవు. చూసినవాడివని నువ్వొక్కడివే మిగిలావు. నువ్వు చెప్పకపోతే జైల్లో ఉన్న పోలేరయ్య మళ్ళీ లారీ ఎక్కి నీ ముందు నుంచే పోతాడు. చర్చిలో సాక్ష్యం తప్పించుకున్నావు, సరే. ఈ సాక్ష్యం తప్పించుకుంటే నాకు మొహం చూపించకు.

ఇంకోటి. ఏ కారణం లేకుండా వచ్చి కొట్టారని నువ్వు పోలీసులకి చెప్పావట. కారణం లేకుండా ఎవరన్నా మనిషిని చంపుతారా?

నవోమి


ముత్తుకూరు,
ఆగస్టు 4, సోమవారం

అక్కా,

కారణం కావాలా నీకు. విను.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నర. పదకొండు లారీలకి పట్టలు కట్టి ముత్యాలయ్య హోటల్లో కూర్చున్నాం. ముఖేష్ ఏదో జోకు చెప్పినాడు. నాకు టీ ముక్కులోంచి వచ్చింది. నా నవ్వు నీకు తెలుసు గదా. సరిగ్గా అప్పుడే పోలేరయ్య లోపలికొచ్చినాడు, ఎనక ముగ్గురు. ఆ మధ్యాన్నం యార్డులో సూపర్‌వైజరు వాణ్ణి అందరి ముందర చెప్పుతో కొట్టినాడంట. మాకు ఆ సంగతే తెలీదు. మేం లారీల పైన ఉండాం. వాడు మాత్రం రేవు రోడ్డంతా తన్ను చూసే నవ్వతా ఉండాదనుకున్నాడు.

"ఎవుడ్రా నవ్వింది?" అన్నాడు.

ముఖేష్‌ని జుట్టు పట్టి బయటికీడ్చినారు. లారీలోంచి వీల్ స్పానరు తెచ్చినారు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడొచ్చింది. వాడు, "అన్నా, మిమ్మల్ని గాదన్నా, అన్నా" అంటానే ఉండాడు. మూడో దెబ్బ నోటి మీద పడింది. ఆ తర్వాత మాటల్లేవు, గాలి మాత్రం వస్తా ఉండాది. "నవ్వు. నవ్వరా ఇప్పుడు. నవ్వు" అని పోలేరయ్య మాటకొక దెబ్బ వేసినాడు. చుట్టూ ముప్పై మంది, ఇప్పుడు ఒక్కడూ చూళ్ళేదంట. పరోటాలు కాల్చేవాడు పెనం మీది పరోటా తిప్పడం మర్చిపోయినాడు, అది మాడిన వాసన ఇప్పటికీ యాడ తగిలినా నేను రోడ్డు దాటి అవతలికి పోతా. నేను గుమ్మం పట్టుకోని నిలబడినా. వాళ్ళు పొయినాక వాడి తల నా వొళ్ళో పెట్టుకున్నా. ఎనక చెయ్యి పెట్టి ఎత్తబోతే వేళ్ళు మెత్తగా లోపలికి పొయినాయి.

ఇదీ కారణం. నవ్వు. చాలా?

ఇంకా ఉండాది. మొన్న శుక్రవారం పోలేరయ్య బామ్మర్ది ఇంకో ఇద్దర్ని తీసుకోని యార్డుకొచ్చినాడు. పట్టలు కట్టే తాడుతోనే నన్ను లారీ చక్రానికి కట్టి తన్నినారు. కోర్టుకి పోతే నాలుక కోస్తామన్నారు. ఊపిరి పీలిస్తే ఎడమ పక్క ఎముక గుచ్చుకుంటాది. భయపడబాక, కట్టు కట్టించుకున్నా. నీకు చెప్పకూడదనే అనుకున్నా గానీ చెప్తన్నా. వాళ్ళు తన్నేటప్పుడు నాకు బాగుండాది. ఇన్ని నెలల తర్వాత వొంటికి ఏదో ఒకటి తెలిసింది. "ఇంకా తన్నండిరా" అన్నా. వాళ్ళకే దిగులేసి ఆపేసినారు.

ముఖేష్ వాళ్ళమ్మ ఆదిశేషమ్మ ప్రతి ఆదివారం నన్ను పిలిచి అన్నం పెడతాది. "తిను నాయనా, నా బిడ్డ నీ వొళ్ళోనే గదా పొయింది" అంటా చేపల పులుసు పోస్తాది. తింటా. బయటికొచ్చి కాలవ గట్టు మీద మొత్తం కక్కేస్తా. ప్రతి వారం ఇదే. ఈ వారం దెబ్బలు సాకు చెప్పి పోలా. ఆమె టిఫిన్ డబ్బాలో పులుసు పంపించింది. మూత తియ్యలా.

కోర్టు సంగతి నాకు తెలీదు. నన్ను బలవంతం చెయ్యబాక.

బెన్హర్


కావలి,
ఆగస్టు 11

బెన్నూ,

ముందు ఎక్స్‌రే తీయించుకో. ఎముక విరిగితే గట్టిగా కట్టు కట్టకూడదు, ఊపిరితిత్తులకి నెమ్ము చేస్తుంది. ఎవడు కట్టాడో వాడి చేతులు పడిపోను.

బావ కుట్లు విప్పారు. పన్ను నిలబడేట్టే ఉంది. జీడిపాకం కొరికి చూస్తానంటే తిట్టాను. నువ్వు రాసింది ఆయనకి చదివి వినిపించలేదు. చదవమని నువ్వు చెప్పలేదుగా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒకటి అడుగుతా, కోప్పడకు. వార్డులోకి దెబ్బలతో వచ్చేవాళ్ళని మేం మొదట ఏం జరిగిందని అడుగుతాం. వాళ్ళు అంతా చెబుతారు. ఎన్ని గంటలు, ఏం కూర, ఏ రంగు చొక్కా. ఒక్క చోట మాత్రం దాటేస్తారు. అక్కడే అసలు దెబ్బ ఉంటుంది. నువ్వు పదకొండు లారీలని రాశావు, మాడిన పరోటా రాశావు. పోలేరయ్య "ఎవుడ్రా నవ్వింది" అన్నాడని రాశావు. ఆ తర్వాతి లైనులో ముఖేష్‌ని ఈడ్చేస్తున్నారు.

నవ్వింది నువ్వు కదరా. మరి వాళ్ళు వాణ్ణెందుకు పట్టుకున్నారు? ఆ రెండు లైన్ల మధ్య ఏముంది?

చెప్పకపోయినా నేను నీకు అక్కనే. కానీ కోర్టులో అవతలి లాయరు కూడా ఇదే అడుగుతాడు.

నవోమి


ముత్తుకూరు,
ఆగస్టు 21, గురువారం

అక్కా,

నువ్వడిగిన లైను ఇది.

వాడు ఎవుడ్రా నవ్వింది అన్నాడు. నేను గడ్డం ఎత్తి ముఖేష్‌ని చూపించినా. నోరు తెరవలా. వేలెత్తలా. గడ్డం, రవంత, ఇట్ట.

చిన్నప్పట్నుంచి మాకదే ఆట. స్కూల్లో సారు ఎవుడ్రా అంటే నేను వాణ్ణి చూపించేవాణ్ణి, వాడు నన్ను చూపించేవాడు. యార్డులో గూడా అంతే. ముఖేష్ అదే అనుకున్నాడు. నా గడ్డం చూసి నవ్వినాడు. ఆ నవ్వు పోలేరయ్య చూసినాడు.

నేను గూడా ఆటకే చేసినానని నీకు చెప్పొచ్చు. చెప్పను. పోలేరయ్య మొహం నేను ముందే చూసినా. ఎట్ట ఉండాదో నాకు తెలుసు. తెలిసే ఎత్తినా.

నన్ను తప్పించింది దేవుడు కాదు. ఇంక నువ్వు రాయకపోయినా ఏం అనుకోను.

బెన్హర్


కావలి,
సెప్టెంబరు 15

బెన్నూ,

రాయడానికి నెల పట్టింది. అబద్ధం చెప్పను, నీ మీద అసహ్యం వేసింది. వారం రోజులు నీ పేరెత్తలేదు. వార్డులో ఎవరో పిల్లాడు గట్టిగా నవ్వితే వాణ్ణి కసిరాను, తర్వాత వెళ్ళి మందుల గదిలో కూర్చున్నాను.

మీ బావకి చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను, క్షమించు. ఆయన చాలాసేపు పన్ను నాలుకతో కదిలించుకుంటూ కూర్చున్నారు. ఆఖరికి, "దెబ్బ నాకు పడింది గానీ అడ్రసు నాది కాదని అప్పుడే అనుకున్నా" అన్నారు. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. ఆయన కూడా నవ్వలేదు.

"మరిగింది" అన్న మాట తీసేస్తున్నాను. దాని బదులు ఏ మాట పెట్టాలో నాకు తెలియదు.

నువ్వు చేసింది చిన్నదని నేను అనను. నీ అక్కని కాబట్టి అనాలనిపించింది, రెండుసార్లు రాసి చింపేశాను. కానీ స్పానరు పట్టుకున్న చెయ్యి నీది కాదు. అది ఎవరిదో చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. గడ్డం సంగతి దాచి మిగతాది చెబుదామనుకుంటే నీ వల్ల కాదు. దాచింది ఎక్కడ బయటపడుతుందోనని నీ ఒళ్ళు అక్కడా కాపలా కాస్తూ ఉంటుంది. ఏడు నెలలుగా కాస్తూనే ఉందిగా.

కోర్టు కంటే ముందు ఆదిశేషమ్మకి చెప్పు. ఆవిడ ఈ మాట నల్లకోటు వేసుకున్నవాడి నోటి నుంచి వినకూడదు. నీ నోటి నుంచే వినాలి. కొడితే కొట్టించుకో. చెయ్యి అడ్డం పెట్టకు.

పన్నెండో తేదీకి నాకు సెలవు దొరకలేదు. బావ వస్తానంటున్నారు. వద్దనకు.

నవోమి


నెల్లూరు, కోర్టు వరండా,
నవంబరు 12, బుధవారం

అక్కా,

ఇంకా పిలవలా. మా ముందర రెండు కేసులుండాయి. బావ టీ తేవడానికి పొయినాడు. ఆయన తిరిగొచ్చేలోపల రాసేద్దామని సర్కారు లాయరు గుమాస్తా దగ్గర కాయితం అడుక్కున్నా.

నిన్న ఆదిశేషమ్మ ఇంటికి పొయినా. మధ్యాన్నం పన్నెండప్పుడు. ఆమె పప్పు మెదుపుతా ఉండాది. "ఇన్ని వారాలు యాడ పొయినావు నాయనా, దా, కూర్చో" అనింది. కూర్చోలా. నిలబడే చెప్పినా. గడ్డం ఎత్తి గూడా చూపించినా, ఆమెకి అర్థం కాలేదేమోనని.

కుండలో నుంచి పప్పుగుత్తి తీసింది. దాంతోనే కొట్టింది. పప్పు కారతా ఉండాది, కాలతా ఉండాది. కణత మీద, చెవి మీద, చేతుల మీద. "తిన్నావు గదరా. నా చేత్తో కలిపి పెడితే తిన్నావు గదరా, అన్ని నెలలు" అని కొట్టింది. కింద పడినా. పడినాక గూడా కొట్టింది. నువ్వు చెప్పినట్టే చెయ్యి అడ్డం పెట్టలా. ఆ శుక్రవారం మాదిరి కాదక్కా ఇది. బాగుండలా. నొప్పి పుట్టింది. ప్రతి దెబ్బా విడివిడిగా నొప్పి పుట్టింది. చిన్న పిల్లోడి మాదిరి అరిచి ఏడ్చినా. పక్కింటోళ్ళు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటే వాళ్ళని గూడా కొట్టబోయింది.

మళ్ళా గుత్తి ఎత్తి అడిగింది. "ఏం చెప్పినాడ్రా వాడు? నీకంత నవ్వొచ్చేదానికి నా బిడ్డ ఏం చెప్పినాడు?"

ఇన్నాళ్ళలో ఆ జోకు నేను ఎవురికీ చెప్పలేదు. పోలీసులు గూడా అడగలా. నేల మీద పడుకోనే చెప్పినా. మన చర్చి కోతపండక్కి ఒకాయన కోడిని కానుకిచ్చినాడంట. దాన్ని వేలం పెట్టినారు. ఎవురో పాట పాడినారు, కోడినిచ్చినాయనే దానికి పైన పాడినాడు. ఇంకెవురూ పలకలా. ఈయన దానికి పైన మళ్ళా పాడినాడు. "అయ్యా, మీ పాట మీద మీరే పాడతన్నారు" అని పాస్టరంటే, "ఎవుడైతే నాకేందయ్యా, నా కోడిని అంత తక్కువకి ఇచ్చేదే లేదు" అన్నాడంట.

ఆమె చెయ్యి పైనే ఆగిపోయింది.

"జోకంట్రా అది?" అనింది. "వాళ్ళ నాయన్రా. నేను మొక్కుకోని కోడిని పంపిస్తే ఆ మనిషి పోయి చేసిన పని అది. ఏం కోడని చెప్పినాడు?"

"నల్లకోడన్నాడు."

"నల్లదా! డేగరా అది, ఎర్రది. వాడికి ఏదీ సరిగ్గా చెప్పడం రాదు." పక్కింటామెని చూసి, "నీకు గుర్తుండాది గదా, అది డేగే గదా" అని అడిగింది. ఆ పక్కింటామె ఏడస్తా తలూపింది. ఆదిశేషమ్మ పీట మీద కూర్చోని మొత్తం చెప్పింది. ఆయన కోడిని చంకలో పెట్టుకోని ఇంటికెట్ట వచ్చినాడో, ఈమె వాకిట్లోనే ఎట్ట తిట్టిందో, ముఖేష్ అప్పుడు అయిదేళ్ళోడు, కోడి మళ్ళా వచ్చిందని ఎట్ట ఎగిరినాడో. ముఖేష్ చెప్పినదానికంటే బాగా చెప్పింది. చెప్తా చెప్తా నన్ను చూసి ఆపేసింది.

"లెయ్యి" అనింది. "మళ్ళా ఈ గడప తొక్కబాక. కోర్టులో మాత్రం చెప్పు. గడ్డంతో సహా, కోడితో సహా చెప్పు. నా బిడ్డ ఎవుణ్ణీ ఎగతాళి చెయ్యలేదని ఆ పోలేరయ్య వినాల."

ఇందాక సర్కారు లాయరుకి అంతా చెప్పినా. ఆయన తల పట్టుకున్నాడు. కోడీ గడ్డం ఎందుకయ్యా, కొట్టింది ఎవురో చెప్పి దిగు, అడగందే ఇంకేమీ చెప్పబాక అన్నాడు. అవతలి లాయరు ఈ ముక్క పట్టుకోని నన్ను చీల్చేస్తాడంట. చీల్చనీ.

పోలేరయ్యని తెచ్చినారు. రవంత లావైనాడు. పోలీసుల మధ్య పోతా పోతా నా ముందర ఆగి, కళ్ళలోకి చూసి, గడ్డం ఎత్తినాడు. అంతే. ఆ ఒక్క సైగతో నా నోరు మూసేద్దామనుకున్నాడు. ఆదిశేషమ్మకి తెలుసని, నీకు తెలుసని వాడికి తెలీదు. నేను కళ్ళు దించలా.

ఆదిశేషమ్మ వచ్చింది. వరండా ఆ చివర కూర్చోనుండాది. ఇటు చూడలా. ఇంక చూడదనుకుంటా. నేను లోపలికి పోయి ఏం చెప్తానో వినేదానికే వచ్చింది. ఆమెకి చెప్పినదాంట్లో ఒక్క ముక్క గూడా ఆడ తగ్గించను. అడిగినా అడక్కపోయినా

పేరు పిలిచినారు అక్కా. మూడుసార్లు పిలుస్తారంట, ఇది రెండోది. బావ కాయితం లాక్కుంటా ఉండాడు. పోవాల